కర్సర్ పెట్టని అక్షరం

అక్టోబర్ 21, సోమవారం

బువ్వ తిని, మా ట్యాంకర్లు కట్టే షెడ్డు వెనక నీడలో కూర్చుని రాస్తున్నాను. గుండ్లపోచంపల్లిలో రేకులు కోసే గ్రైండర్లు ఊరుకునేది ఈ ఒక్క గంటే. అప్పుడు హైవే మోత కూడా దూరంగా వాగు పారుతున్నట్టు వినిపిస్తుంది. ఈ గంట కోసమే పనికి వస్తున్నానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

పాల ట్యాంకర్ ఒకటి రిపేరుకు వచ్చింది. రెండేళ్ల కింద మేమే కట్టిచ్చింది. తూప్రాన్ దాటాక వెనక నుంచి లారీ గుద్దిందట, వెనక మూత సొట్టపడి లోపలికి పోయింది. దాన్ని నడిపేది అబ్దుల్ భాయ్. షామీర్‌పేటలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటాడు. ఆయనకు ఒక్క గీత కూడా పడలేదు. అయినా పొద్దంతా బండి చుట్టూ తిరుగుతూ దాని ఒళ్లు తడుముతూనే ఉన్నాడు.

"మనిషికి దాకినా ఇంత నొయ్యకపోవు రోజా," అన్నాడు.

"బండికి నొప్పి తెల్వది భాయ్."

"దానికి తెల్వది. నాకు తెలుస్తాంది గదా."

మా వెల్డర్ బాలేష్ కొలతలు చెప్పడానికి నా బల్ల దగ్గరికి వచ్చాడు. "అక్కా, వెనక మూత పనికిరాదు. దాంతోటి డ్రమ్ము గూడ ఎనిమిది సెంటీలు కోసేస్తున్న, గంత దాక సొట్టబోయింది. గోపురం మూత దొరుకుతలేదు, సాపు మూత కూసబెడ్త. రాసుకో."

కాగితం అందలేదు, అరచేతి మీద రాసుకున్నాను. ఇందాక చెయ్యి కడుక్కుంటే పోయింది. పర్వాలేదు, గుర్తుంది.

అక్టోబర్ 22

ఈక్వేషన్ మార్చాను. ఈ పనిలో ఎంత సుఖముందో ఎవరికి చెప్పుకోను? అమ్మకు చెబితే "జరం గిట్ల వచ్చిందా" అని నుదురు పట్టి చూస్తుంది. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

పడుకోబెట్టిన డ్రమ్ములో పాలెన్ని ఉన్నాయో తెలియాలంటే పై మూత తీసి స్టీలు రాడ్ నిలువుగా దించాలి. ఎంతవరకు తడిసిందో అక్కడి అంకె చదువుకోవాలి. ఆ రాడ్ మీద గీతలు ఎక్కడ పడాలో చెప్పడం నా ఉద్యోగం. నిలబెట్టిన డ్రమ్మయితే చిన్నపిల్లలు కూడా గీస్తారు, అన్నీ సమాన దూరమే. పడుకున్నదాని సంగతి వేరు. అడుగునా పైనా గీతలు ఎడంగా ఉంటాయి, నడుమకు వచ్చేసరికి దగ్గరికి జరుగుతాయి. ఇంత ఎత్తుకు ఎన్ని లీటర్లని అడిగితే లెక్క నేరుగా చెబుతుంది. ఇన్ని లీటర్లకు ఎంత ఎత్తని అడిగితే మాత్రం చెప్పదు. వెతుక్కోవాలి.

వెతకడానికే నా క్యాలిక్యులేటర్ ఉంది. మేడ్చల్ డిగ్రీ కాలేజీలో మాకు లెక్కలు చెప్పిన మనోరమ మేడం రిటైరైన రోజు నా చేతిలో పెట్టి వెళ్లింది. గ్రాఫులు గీసే రకం, ఇటుక అంత బరువు. అందులో సాల్వర్ అని ఒకటుంది. మెనూలో అన్నిటికన్నా కింద, సిగ్గుపడుతున్నట్టు ఉంటుంది. తెరవగానే పైన సున్నా, దాని పక్కన ఈక్వల్. ఆ పక్కన మన ఈక్వేషన్. మాది ఎంత పొడుగంటే తెర మీద పట్టదు, గూడ్సు బండిలా ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకు పోతూనే ఉంటుంది. అది నాకు చాలా ఇష్టం.

ఇదివరకు ఈ బండికి ముందూ వెనకా గోపురం మూతలు. అందుకని ఈక్వేషన్ చివర గోపురాల ముక్కకు ముందు 2 ఉండేది. ఇప్పుడు వెనకది సాపు, పళ్లెంలా చదునుగా ఉండేది. పై బాణం నొక్కి, ఈక్వేషన్ లోపలికి పోయి, కర్సర్‌ను మెల్లగా నడిపించుకుంటూ చివరిదాకా వెళ్లి, ఆ 2 తీసేశాను. ఒక్క అంకె తీస్తే ఒక గోపురం మాయమైంది. ఎంటర్ కొట్టాను. కింద అక్షరాలన్నీ వరసగా నిలబడ్డాయి. పొడవు L, వ్యాసార్ధం R, ఎత్తు H, లీటర్లు V. V దగ్గర వెయ్యి వేసి, H దగ్గర ఒక అంచనా వేసి, కర్సర్ అక్కడే ఉంచి నొక్కాలి. అంచనా వేయకుండా అది కదలదు. "ముందు నువ్వొక అబద్ధం చెప్పు, అప్పుడది నిజం వెతుకుతది," అనేది మేడం నవ్వుతూ.

నొక్కాక మూలన సన్నటి గీత ఒకటి పైకీ కిందకీ పరుగెత్తుతుంది. అది పరుగెత్తినంతసేపు నేను ఎక్కడికో పోతాను. ఈ రోజు ట్యాంకు లోపలికే పోయాను. లోపలంతా చల్లగా, తెల్లగా ఉంది. నా మాటే గుండ్రంగా తిరిగి నా దగ్గరికి వచ్చింది. కళ్లు తెరిచేసరికి H ఇరవై ఆరుకు కొంచెం ఇటుగా వచ్చి ఉంది, పక్కన నల్లటి చిన్న చుక్క. కింద ఎడమలోంచి కుడి తీసేస్తే సున్నా అని రాసింది. ఆ సున్నా చూస్తే కడుపు నిండుతుంది.

అక్టోబర్ 23

రాడ్ అయిపోయింది. బాలేష్ అంకెలు కొట్టాడు, బండి నంబరు కూడా. "నీళ్లు పోసి ఒక్కపారి జూద్దామా అక్కా?" అన్నాడు. నేను రాకముందు వాళ్ల పద్ధతి అది. వంద లీటర్ల డ్రమ్ముతో నీళ్లు పోయడం, పోసినప్పుడల్లా రాడ్ దించి ఉలితో గీత కొట్టడం. ఒక బండికి ఒక రోజంతా పట్టేది. నేను వచ్చాక అరగంట.

"క్యాలిక్యులేటర్ సున్నా జూపిచ్చింది బాలేష్," అన్నాను.

"సున్నా అంటే?"

"తప్పేం లేదని."

"నీళ్లు గూడ గట్లనే జెప్తయి గదా," అని గొణుక్కుంటూ పోయాడు. మా సార్, షెడ్డు ఓనర్ రాఘవేందర్, ఎవరో కస్టమర్‌తో ఫోన్లో అంటున్నాడు, "మా దగ్గర లెక్కల మేడం ఉన్నది సార్, మీరు బేఫికర్ ఉండుండ్రి." విననట్టు ఉన్నాను గానీ, రెండు చెవులతోనూ విన్నాను.

నవంబర్ 4

పొద్దున షేర్ ఆటోలో వస్తుంటే షామీర్‌పేట చెరువు మీద మంచు. నీళ్లేవో ఆకాశమేదో తెలియలేదు. ఇలాంటి పొద్దున ఎవరితోనూ మాట్లాడకూడదు.

నవంబర్ 10, ఆదివారం

షహర్ బాను భాభీ వచ్చింది. అబ్దుల్ భాయ్ భార్య. చేతిలో ఇంగ్లీషు కాగితం. పాల ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చారట. "జర సదివి జెప్పు రోజా. ఈయనను అడిగితే ఏం లేదంటడు, బువ్వ మాత్రం తింటలేడు."

చదివాను. ఊళ్ల నుంచి పాలు పోగయ్యే కేంద్రంలో రాడ్ చూసి నింపుతారు. ఫ్యాక్టరీలో దించేటప్పుడు మీటరు చూస్తారు. కాగితంలో నాలుగు ట్రిప్పులు రాసి ఉన్నాయి. ఎనిమిది వేలు నింపితే ఏడు వేల ఎనిమిది వందల యాభై దిగాయి. ఆరు వేలు నింపితే ఐదు వేల ఎనిమిది వందల ఎనభై ఎనిమిది. మిగతా రెండూ అంతే, ప్రతిసారీ తక్కువ. యాక్సిడెంట్ తర్వాతే ఈ తరుగు మొదలైందనీ, దారిలో పాలు దించుకున్నట్టు అనుమానమనీ, వారంలో జవాబు చెప్పాలనీ ఉంది.

"దొంగతనం అన్నట్టా?" అంది భాభీ.

"అట్ల రాయలే. అనుమానం అని రాసిండ్రు."

"తేడా ఏమున్నది రోజా? ముప్పై ఏండ్ల సంది పాల బండి నడుపుతుండు. ఇంట్లకు ఒక్క సుక్క తేలే, అల్లా కసమ్. మేం పాకెట్ పాలే కొనుక్కుంటం."

ఆ రాడ్ చేసింది మా షెడ్డని ఆమెకు తెలుసో తెలియదో. అడగలేదు. నేనూ చెప్పలేదు. సందర్భం రాలేదు. అంకెలు మాత్రం కాగితం మీద ఎక్కించుకున్నాను, ఊరికే.

నవంబర్ 12

పాలు తగ్గడానికి సవాలక్ష కారణాలుంటాయి. నురగ ఉంటుంది, రాడ్ నురగను కూడా పాలనుకుంటుంది. బండి ఏటవాలుగా ఆగుతుంది. మీటరు పాతదై ఉంటుంది. పైపుల్లో కొంత మిగిలిపోతుంది. ఏ దారిలో ఏం జరిగిందో నాకేం తెలుసు. పొద్దున వేరే ట్యాంకు పని మొదలుపెట్టే ముందు ఆ ఈక్వేషన్ ఒక్కసారి తీసి చూశాను. గోపురం ఒక్కటే ఉంది. బ్రాకెట్లన్నీ ఉన్నాయి. కోణం రేడియన్లలోనే ఉంది. V ఎనిమిది వేలు వేసి నొక్కాను. సున్నా.

కాబట్టి రాడ్ తప్పు కాదు. నిశ్చింతగా ఉంది.

ఈక్వేషన్ మాత్రమే చూశాను. కింది వరస చూడలేదు. చూడాల్సిన పని లేదు.

నవంబర్ 14, గురువారం

ఎందుకు చేశానో తెలియదు. మధ్యాహ్నం గ్రైండర్లు ఆగాక, నీడలో కూర్చుని, ఆట కోసమే చేశాను అనుకుందాం.

సాల్వర్‌లో ఒక విచిత్రం ఉంది. ఏ అక్షరం మీద కర్సర్ పెడితే దాన్ని వెతుకుతుంది. మిగతావాటిని ప్రశ్నించదు, మనం ఏం చెబితే అదే నమ్ముతుంది. నేనెప్పుడూ కర్సర్‌ను H మీదే పెడతాను. ఈ రోజు H దగ్గర ఎనిమిది వేల గీత ఎత్తు వేశాను. V దగ్గర ఎనిమిది వేలు కాకుండా, ఫ్యాక్టరీ మీటరు చెప్పిన ఏడు వేల ఎనిమిది వందల యాభై వేశాను. తర్వాత కర్సర్‌ను L మీదికి తీసుకుపోయాను. అక్కడ 420 ఉంది.

420 ఉంది. రెండేళ్ల కింద నేనే వేసిన పొడవు, మా ట్యాంకులన్నిటికీ అదే కాబట్టి మళ్లీ ముట్టుకోలేదు. చెరిపేదాకా వదలదు కదా ఈ యంత్రం.

నొక్కాను. సన్నటి గీత పరుగెత్తింది. ఈసారి నేను ఎక్కడికీ పోలేకపోయాను. L 412 అయింది.

ఆరు వేల ట్రిప్పు వేశాను. 412. మూడోది, 412. నాలుగోది కూడా.

బాలేష్ ఎనిమిది సెంటీలు కోశాడు. చెప్పాడు. అరచేతి మీద రాసుకున్నాను. ఒక్క అంకె తీసి గోపురాన్ని మాయం చేశానని మురిసిపోతూ, కింద నిలబడ్డ L ముఖం చూడలేదు నేను. నా రాడ్ ఇంకా పాత ట్యాంకునే కొలుస్తోంది. కోసి పారేసిన ఆ ఎనిమిది సెంటీల ముక్కలో కూడా పాలున్నాయని చెబుతోంది. మనిషంత ఎత్తు, ఎనిమిది సెంటీల మందం, తెల్లటి గుండ్రటి పాల బిళ్ల. చందమామలా ఉంటుంది. అది ఎక్కడా లేదు. లేని పాలను అబ్దుల్ భాయ్ దొంగిలించాడని కాగితం ఇచ్చారు.

గ్రైండర్లు మొదలయ్యాయి.

నవంబర్ 15

ఈ రోజు సార్ కోపంగా ఉన్నాడు. రేపు చెబుతాను.

నవంబర్ 16

సాయంత్రం గల్లీలో షహర్ బాను భాభీ పిలిచి చాయ్ తాగి పొమ్మంది. తాగాను. వాళ్ల కూతురు అనం ఇంటర్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది, లెక్కలేవో అడిగితే చెప్పాను. భాయ్ మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఉన్నాడు. చాయ్ బాగుంది.

నవంబర్ 18, సోమవారం

అబ్దుల్ భాయ్ సంతకం పెట్టేశాడు.

పొద్దున ఫ్యాక్టరీకి పిలిచారట. పాలు తీసినట్టు ఒప్పుకుని రాసిస్తే పోలీసుల దాకా పోదు, ఊరికే పనిలోంచి తీసేస్తామన్నారట. లేకపోతే కేసు. భాభీ మా గడప మీద కూర్చుని చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"కేసైతే అనం సదువు, పెండ్లి, అన్ని ఖరాబైతయని పెట్టిండట. ఇజ్జత్ పోయినంక ఇగ ఏది ఖరాబైతే ఏంది?"

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యే వేశాను, అంకె రాసుకుని కడిగేసుకున్నదే. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. అరవలేకపోవడం ఎలా ఉంటుందో నాకు ఈ రోజు తెలిసింది.

ఆమె వెళ్లాక నాలో ఎవరో మెల్లగా అన్నారు, ఇప్పుడు చెప్పినా సంతకం అయిపోయిందిగా అని. ఆ మాట అన్నది నేనే. వేరే ఎవరూ లేరు ఇంట్లో.

నవంబర్ 19

సార్‌కు చెప్పాను. చెప్పేశాను. పొద్దున గేటు తీయగానే, చెప్పులు విడవకముందే.

ఆయన అరవలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఫ్యాను వంక చూశాడు. "ఎన్ని సెంటీలు?"

"ఎనిమిది సార్."

"ఇంక ఎవరికెరుక?"

"ఎవ్వరికి తెల్వది."

"మంచిగైంది. జూడు రోజా, గీ షెడ్డు మీద పదకొండు ఇండ్లు బతుకుతున్నయి. మనం చేసిన రాడ్లు నలభై బండ్లల్ల ఉన్నయి. ఒక్కటి తప్పని తెలిస్తే నలభై వాపస్ వస్తయి. నువ్వు సప్పుడు జేయకుండ కొత్త రాడ్ గీయి. ఫ్రీ సర్వీసింగ్ అని జెప్పి నేను మార్పిస్త. ఇగ తరుగు రాదు. ఎవ్వరికి నష్టం లేదు."

"అబ్దుల్ భాయ్ సార్…"

"ఆయనకు ఇంకో బండి దొరుకుతది. డ్రైవర్లకు కరువా?"

ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉంది. ఉంది కదా. ముందు తప్పు దిద్దాలి, మిగతావి తర్వాత. తప్పు దిద్దడం మంచి పనే.

నవంబర్ 20

L దగ్గర 412 వేశాను. మూడుసార్లు చూసుకున్నాను. గీతలు ఇంత నేర్పుగా ఎప్పుడూ రాలేదు. మధ్యాహ్నానికి కొత్త రాడ్ బండిలోకి పోయింది, పాతది వెనక్కి వచ్చింది. సార్ దాన్ని కోసేయమని బాలేష్‌కు ఇచ్చాడు.

సాయంత్రం ఆటోలో నిద్ర పట్టేసింది. ట్యాంకులో పాల మీద వెల్లకిలా తేలుతున్నాను. పైన గుండ్రటి మూత తెరిచి ఉంది. అందులోంచి ఎవరో రాడ్ దించుతున్నారు, అది నా పక్క నుంచి మెల్లగా అడుగుకు పోతోంది. పైకి తీసి అంకె చదివారు. నన్ను కూడా కలిపి చదివారు. ఆటోవాడు షామీర్‌పేట అని అరిచినా లేవబుద్ధి కాలేదు.

నవంబర్ 23

పని ఎక్కువ. రాయడానికేం లేదు.

నవంబర్ 27

అమ్మ కూరగాయలకు పోయి వార్త మోసుకొచ్చింది. పాల బండికి కొత్త డ్రైవర్ వచ్చినప్పటి నుంచి చుక్క తరుగు లేదట. వారమంతా రాడ్‌కూ మీటరుకూ సరిపోయిందట. ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లు గల్లీ అంతా చెప్పేశారు.

"నేను గాయన గసొంటోడు గాదనుకున్న. నిప్పు లేనిదే పొగ రాదు బిడ్డా," అంది మా అమ్మ శంకరమ్మ, బెండకాయలు ఏరుకుంటూ.

అమ్మ మీద అరిచేశాను. నలభై ఏళ్లలో ఎప్పుడూ అంత అరవలేదు. ఆమె బెండకాయ చేతిలో పట్టుకుని అట్లాగే చూసింది.

మొన్నటిదాకా అనుమానమే. ఇప్పుడు రుజువైపోయింది. ఆ రుజువు నేను గీశాను. తప్పు రాడ్ ఆయన మీద అనుమానం తెస్తే, సరైన రాడ్ ఆయన్ని దొంగను చేసింది. మూడుసార్లు సరిచూసుకుని మరీ చేసింది నేను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇన్ని రోజులు ఈ నోటుబుక్కులో కూడా కళ్లు మూసుకునే రాశాను. పని ఎక్కువ అని రాశాను. చాయ్ బాగుంది అని రాశాను.

అనంను కాలేజీ బస్సులో పిల్లలు ఏమో అన్నారట. రెండు రోజులుగా ఇంట్లోనే ఉంటోంది. ఇది కూడా అమ్మే చెప్పింది.

నవంబర్ 28

పాత రాడ్ గురించి బాలేష్‌ను అడిగాను. చుట్టూ చూసి, ఆక్సిజన్ సిలిండర్ల వెనక నుంచి గోనెసంచి చుట్టింది తీశాడు. "సార్ కోసేయుమన్నడు. నేను కోయలే అక్కా. ఎన్నటికన్న నీళ్లు పోసి జూద్దామని ఉంచిన."

"రేపు పోద్దామా?"

"యాడికి?"

చెప్పాను. రాడ్‌కు గోనెసంచి మళ్లీ చుట్టాడు. తర్వాత, "నా నౌకరి గూడ పోతది గదా," అన్నాడు.

"నువ్వు రాకు. రాడ్ ఇయ్యి సాలు."

"నీళ్ల పని నీకేం తెలుసు, నేనే రావాలె," అన్నాడు.

నవంబర్ 29, శుక్రవారం

ఇప్పుడు సాయంత్రం నాలుగు. ఇంటి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఎండ పల్చగా ఉంది. ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని, ఏదీ వదలకుండా రాయాలి.

పొద్దున ఆరింటికి వాళ్ల తలుపు కొట్టాను. భాయ్ తీశాడు. గడ్డం పెరిగిపోయింది. "భాయ్, రాడ్ తప్పు. అది గీసింది నేనే. ఫ్యాక్టరీకి పోదాం రా," అన్నాను. ఆయన నన్ను తేరిపార చూశాడు. ఏమీ అడగకుండా లోపలికి వెళ్లి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. భాభీ వెనక నుంచి "ఏందంట?" అంటూనే ఉంది. నేను గల్లీలోకి నడిచాను.

మేడ్చల్ రోడ్డు మీద మంచు ఇంకా తేలిపోలేదు. బాలేష్, భాయ్, నేను, ఒళ్లో అడ్డంగా రాడ్. ఆటో నిండిపోయింది. లారీలు మంచులోంచి వచ్చి మళ్లీ మంచులోకి పోతున్నాయి, చప్పుడు లేకుండా పోతున్నట్టే అనిపించింది. ఇలాగే పోతూ ఉంటే బాగుండునని, ఫ్యాక్టరీ ఎప్పటికీ రాకుంటే బాగుండునని అనుకున్నాను. నేను ఇంతే. ఆ క్షణంలో కూడా.

ఫ్యాక్టరీలో సుచిత్ర మేడం అని పెద్ద అధికారి. భాయ్‌ను చూడగానే ముఖం ముడుచుకుంది. నేను మొత్తం చెప్పాను. క్యాలిక్యులేటర్ తీసి L చూపించాను. ఆమె దాని వంక చూడను కూడా చూడలేదు. "ఈ అంకెలు నాకెందుకమ్మా. ఏది వేస్తే అది చూపిస్తుంది అది," అంది. నిజమే కదా.

అప్పుడు బాలేష్ ముందుకొచ్చాడు. "మేడం, బండి కడిగినంక ఖాళీగనే ఉంటది గదా. మీ మీటరు తోటి నీళ్లు పెట్టుండ్రి. మీ మీటరే, మాది కాదు."

ఆమె కాసేపు ఆలోచించి సరే అంది. బండి యార్డులోనే ఉంది. పైపు పెట్టారు. నేను మేడంతో అన్నాను, "ఏడు వేల ఎనిమిది వందల యాభై దగ్గర ఆపించండి మేడం. ఈ పాత రాడ్ ఎనిమిది వేలు చూపిస్తుంది."

నీళ్లు నిండడానికి చాలాసేపు పట్టింది. లోపల నీళ్లు గుండ్రంగా తిరుగుతున్న చప్పుడు. పనివాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. మీటరు మనిషి చెయ్యెత్తాడు, పైపు ఆగింది. రాడ్ ఎవరు దించాలని ఎవరూ అనలేదు. అబ్దుల్ భాయ్ నిచ్చెన ఎక్కాడు. మూత తీసి రాడ్ దించి, ఒక క్షణం ఆగి, పైకి తీశాడు. తడి గీత మీద బొటనవేలు పెట్టాడు. రాడ్‌ను అట్లాగే పట్టుకుని వంగి, కింద ఉన్న మేడం ముందు పెట్టాడు. ఎనిమిది వేలు.

తర్వాత కొత్త రాడ్ దించారు. ఏడు వేల ఎనిమిది వందల యాభై.

బాలేష్ "నీళ్లు అబద్ధం జెప్పయి," అన్నాడు, నాకు వినబడేంత మెల్లగా.

ఆఫీసులో సుచిత్ర మేడం ఫైలు తీసింది. భాయ్‌ను కూర్చోమంది. కుర్చీ చూపించడం ఈ రోజు అదే మొదటిసారి. "రేపటి నుంచి డ్యూటీకి రా అబ్దుల్," అంది. ఆయన కూర్చోలేదు. ఫైల్లో తన కాగితం వంక చూస్తున్నాడు.

"గది చింపుతరా మేడం?"

"ఫైలుకెక్కిన కాగితం చింపడానికి రాదు. దాని కిందనే ఈమె రాసి సంతకం పెడుతుంది. తప్పు ఏంటి, ఎలా జరిగింది, ఎప్పుడు తెలిసింది. తేదీతో సహా రాయమ్మా."

రాశాను. ఎనిమిది సెంటీలు, L, పాత రాడ్, అబ్దుల్ తప్పేమీ లేదు. చెయ్యి గబగబా సాగింది. తేదీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

నిన్న అని వేయొచ్చు. ఎవరికి తెలుసు? సార్‌కు చెప్పింది పంతొమ్మిదిన, అది వేసినా బాగానే ఉంటుంది. భాయ్ సంతకం పద్దెనిమిదిన. మర్నాడు తెలిసింది, అప్పటికే ఆలస్యమైపోయింది, పాపం అనుకుంటారు. ఒక్క రోజు తేడాతో నేను మంచిదాన్నైపోతాను. పద్నాలుగు సంగతి నాకూ ఈ నోటుబుక్కుకూ తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. కిటికీలోంచి ఎండ కాగితం మీద పడుతోంది. ఆ తెల్లటి జాగాలోకి చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మేడం "ఏమ్మా?" అంది.

14 అని వేశాను.

మేడం చదివింది. పైన ఉన్న తేదీ చూసింది, కింది తేదీ చూసింది, కాగితాన్ని భాయ్ వైపు తిప్పింది. ఆయనకు తెలుగు చదవడం అంతగా రాదు. అంకెలు మాత్రం ముప్పై ఏళ్లుగా చదువుతున్నాడు. తన సంతకం పక్కన పద్దెనిమిది మీద వేలు పెట్టాడు. తర్వాత నా పద్నాలుగు మీదికి తెచ్చాడు. అక్కడే ఉంచాడు.

సార్ దగ్గర్నుంచి ఫోన్ మోగుతోంది నా సంచిలో. మోగి మోగి ఆగిపోయింది.

"నాకు అప్పుడే తెల్సు భాయ్," అన్నాను. "భయమైంది."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే కాళ్ల మీద పడి ఏడ్చేదాన్ని, అదైనా దక్కేది. ఆయన గొంతులో కోపం లేదు. ఎప్పటిలాగే, బండి పక్కన నిలబడి మాట్లాడినట్టే మాట్లాడాడు.

"నాకు గూడ భయమే అయింది రోజా. అందుకే పెట్టిన సంతకం."

అంతే అని, మేడంకు సలాం పెట్టి, బండి తాళాలు అడిగి తీసుకుని వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి అదే తలుచుకుంటున్నాను. ఇద్దరికీ ఒకే భయం. ఆయన భయపడితే ఆయన పేరు పోయింది. నేను భయపడితే కూడా ఆయన పేరే పోయింది.